ముప్పై రెండు బొమ్మలు కలిపితే ఒక విమానం అయితదా?

చి|| శ్రీహాస్‌కు, చి|| మనస్వికి, వాళ్ల వాడకట్టు దోస్తులందరికీ,

తాత ఆశీస్సులు. ఇక్కడ నేను, నానమ్మ క్షేమం. మీరంతా క్షేమమని తలుస్తున్న.

శ్రీహాస్, మొన్న నువ్వు ఫోన్‌ల అడిగిన ప్రశ్నకు ఫోన్‌ల జవాబు చెప్తే ఒడువదు. అందుకే ఉత్తరం రాస్తున్న. 2025 సెప్టెంబర్ 26, అలిగిన బతుకమ్మ నాడు, పూలు తెచ్చే పని లేదు, పేర్చే పని లేదు కాబట్టి అందరూ టీవీ ముందల కూసున్నరు. చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు చెప్తున్నరు. 1963 నుంచి మన వాయుసేనలో ఎగిరిన యుద్ధ విమానం అది. మీ మామ కొనిచ్చిన, ముక్కలు అతికించి బొమ్మ చేసే మిగ్-21 కిట్టు డబ్బా ఒళ్ల పెట్టుకొని నువ్వు అడిగినవ్: "తాతా, దీని మీద 1/32 అని ఉంది, అంటే ఇసొంటివి 32 కలిపితే ఒక నిజం విమానం అయితదా?"

అడిగిన తీరు మంచిగుంది. పెద్దోళ్లను అడిగినా చానామంది "అయితది" అనే అంటరు.

1/32 అంటే, నిజం విమానం మీద 32 సెంటీమీటర్లు ఉన్న జాగ బొమ్మ మీద ఒక్క సెంటీమీటరు. మిగ్-21 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొస దాకా 7.15 మీటర్లు. 32తో భాగించి చూడు, 22 సెంటీమీటర్ల చిల్లర వస్తది. నీ బడి సంచిలో ఉన్న కొలబద్ద కంటే తక్కువ. 32 బొమ్మలను రెక్కకు రెక్క ఆనించి వరుసగ పెడితే నిజం విమానం వెడల్పు సరిగ్గా వస్తది. ఆడిదాక నువ్వన్నది ఒప్పే. కానీ వరుస పెడితే విమానం కాదు గదా.

ఇప్పుడు నానమ్మ బతుకమ్మను తీసుకుందాం. పెద్ద బతుకమ్మ పక్కన తోడు బతుకమ్మ పేరుస్తది చూసిండ్రు గదా. తోడు బతుకమ్మ ఎత్తు పెద్దదాంట్ల సగం, అడ్డం సగం అనుకోండ్రి. పూలు ఎన్ని కావాలె? సగం అంటరా? కాదు. ఎత్తు సగమైంది, ఈ పక్క నుంచి ఆ పక్కకు సగమైంది, ముందల నుంచి ఎన్కకు కూడ సగమైంది. సగంల సగం, దాంట్ల మళ్ల సగం. పెద్దదానికి ఎనిమిది గంపల పూలు పట్టినయంటే, తోడు బతుకమ్మకు ఒక్క గంప చాలు. నానమ్మ బడికి పోలేదు, ఎనిమిదో వంతు అని ఆమెకు ఎవరూ చెప్పలే. అయినా పెద్దది పేర్చినంక అడుగున మిగిలిన పూలు చూసి "దీనికి ఇవి సాలుతయ్ తియ్" అంటది, సాలుతయ్.

నీ విమానం గూడ గంతే. 32 సార్లు పొడుగు, 32 సార్లు అడ్డం, 32 సార్లు ఎత్తు. గుణించు. 32,768 వస్తది. ఒక్క నిజం మిగ్ నిండాలంటే నీ బొమ్మలు అన్ని కావాలె. బరువు గూడ అదే లెక్కన పడిపోతది. ఇంధనం ఏం పొయ్యకుండ ఆ విమానం ఐదు టన్నుల పైనే ఉంటది. దాన్ని అదే లోహంతోని, లోపలి నట్టు బోల్టు సహా 32వ వంతుకు దించినమనుకో, నూట యాభై, నూట అరవై గ్రాములు తూగుతది. నేను నౌకరి చేసిన కాజీపేట డీజిల్ షెడ్డులో డబ్ల్యూడీఎం-2 రైలు ఇంజిన్లు ఉండేటియి, ఒక్కొక్కటి 112 టన్నుల పైమాటే. అది పట్టాల మీదికి ఎక్కితే కాళ్ల కింద నేల అదిరేది. దాన్ని ఇదే కొలతకు దించితే మూడున్నర కిలోలు. మనస్వి ఒక్క చేతితో లేపుతది.

కొలతల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. 1/72 కొలతలో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అయితడు, అడుగులు అంగుళాల లెక్క పెట్టుకునే ఇంగ్లండోళ్లకు అది సుతారంగ కుదిరింది. కానీ యుద్ధ టాంకుల బొమ్మలు చూడుండ్రి, వాటి మీద 1/35 అని ఉంటది. 35 ఎక్కడి నుంచి వచ్చింది? అడుగుకూ పొసగదు, మీటరుకూ పొసగదు. జపాన్‌లో షిజువోకా అనే ఊర్ల టమియా అని ఒక కంపెనీ ఉంది. మొదలు కట్టె కోత మిషన్ నడుపుకున్నోళ్లు, తర్వాత కట్టె బొమ్మలు, ఆ తర్వాత ప్లాస్టిక్. 1960ల మొదట్ల వాళ్లు జర్మనీ పాంథర్ టాంకు బొమ్మ చేసిండ్రు. లోపల చిన్న మోటరు, రెండు బ్యాటరీలు పట్టాలె. అవి పట్టేటట్టు చేసి కొలిస్తే 35వ వంతు వచ్చింది. అట్ల రెండు బ్యాటరీలు పెట్టిన లెక్కను ఇయ్యాల్టిదాక లోకమంత టాంకుల బొమ్మలకు పట్టుకొని వేలాడుతున్నది. నాకైతే ఇది తలుచుకుంటే నవ్వొస్తది.

సరే, డబ్బా తెరుద్దాం. చట్రాలకు అతుక్కొని వందల ముక్కలు ఉంటయ్. పెద్ద కొలత కిట్టు కాబట్టి ఇంజిన్ వేరే, చక్రం గూడు వేరే, పైలట్ కుర్చీ వేరే, కుర్చీకి బెల్టు గూడ వేరే. మీ ప్రాణం రెక్కల మీదికి, తోక మీదికి పోతది. ఆగుండ్రి. బతుకమ్మను ఎట్ల మొదలుపెడతరు? తాంబాలంల గుమ్మడాకులు పరుస్తరు, వరుస వరుసకు పూలు పేరుస్తరు, మధ్యల గుంట పడకుండ కోసిన ఆకులు, పూల కాడలు కూరుతరు. ఆ కూరింది ఎవరికీ కనపడదు. అది సరిగ్గ లేకుంటే ఆడ దించి ఆడే లోపటే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతది. విమానానికి అసొంటి లోపలి పని పైలట్ కూసునే గది. మిగ్-21ల అది నీలం, ఆకుపచ్చ కలిసిన ఒక చిత్రమైన రంగులో ఉంటది. దాన్ని ముందుగాలే రంగేసి, గడియారాల తీరు ఉండే చిన్న చిన్న మీటర్లకు ముళ్లు గీసి, ఆరబెట్టి, అప్పుడు విమానం పొట్ట రెండు చెక్కలను మూసెయ్యాలె. మూసినంక కుంచె పోదు.

కూరుడు ముచ్చట ఇంకొకటి ఉంది. నిజం విమానానికి ముందల రాడారు, యంత్రాలు ఉంటయ్ కాబట్టి మూడు చక్రాల మీద సరిగ్గ నిలుస్తది. బొమ్మకు ముక్కు బోలు. అంత కష్టపడి చేసి బల్ల మీద పెట్టంగనే తోక మీద చతికిల పడతది. అందుకే చాన కిట్ల కాయితాలల్ల "ముక్కులో ఇంత బరువు పెట్టుండ్రి" అని రాసి ఉంటది. చేపల వలకు కట్టే సీసం గుండ్లు పెడితే సరిపోతది. సీసం ముట్టుకున్న చేతులతోని ఏమన్న తినకుండ్రి, సబ్బుతోని కడుక్కోవాలె.

రంగులు కూడ బతుకమ్మ తీరే అంట. గునుగు పూల కొసలను రంగు నీళ్లల్ల ముంచి, తీసి, ఆరినంకనే పేరుస్తరు. తడిది పెడితే పక్క పువ్వుకు అంటుతది. మీకు ఓపిక తక్కువ, నాకు తెలుసు. ఒక పూత ఆరకముందే రెండోది వెయ్యకుండ్రి. జిగురు మాత్రం గీ పోలికకు దొరకదు. పూలకు జిగురు ఏడిది? కిట్టు సిమెంటు అంటరు గని అది అతికించేది కాదు, ప్లాస్టిక్ అంచులను కరిగించేది. కరిగిన రెండు అంచులు కలిసిపోయి ఒక్కటే ముక్క అయితయ్. ఎక్కువ పోస్తే వేలిముద్ర ప్లాస్టిక్‌ల అచ్చు పడతది, ఇక పోదు. వాసన ఘాటుగ ఉంటది, కిటికీలు తెరుచుకొని కూసోండ్రి. ముక్కలు కోసేటప్పుడు కింద తెల్ల బట్ట పరుచుకోండ్రి. లేకుంటే సగం కిట్టు నానమ్మ చీపురుకే దొరుకుతది.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా. నానమ్మ తోడు బతుకమ్మకు తంగేడు పువ్వును సగం చేస్తదా? చెయ్యదు. పువ్వు పువ్వంతనే ఉంటది. చిన్న బతుకమ్మ మీద అదే పువ్వు పెద్దగ కనపడతది. బొమ్మలకు ఇదే తిప్పలు. విమానం పై రేకు మందం ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు. దాన్ని 32వ వంతు చేస్తే తలవెంట్రుక కంటే పలుచన అయితది. ప్లాస్టిక్‌ను అంత పలుచగ పొయ్యలేరు, ఒక మిల్లీమీటరు ఉంచుతరు. ఆ మిల్లీమీటరును తిరిగి పెద్దగ చేసి చూడు, మూడు సెంటీమీటర్ల పైన మందం! అంత మందం రేకుతోని చేసిన విమానం రన్‌వే మీద ఉరుకుతది గని లేవదు. అందుకే ఒడుపు తెలిసినోళ్లు రెక్క ఎన్క అంచును గీకుడు కాయితంతోని లోపటి దిక్కు నుంచి అరగదీస్తరు. లోపల మందం అట్లనే ఉంటది, కన్ను అంచునే చూస్తది కాబట్టి పలుచన అనుకుంటది.

రంగు గూడ చిన్నది చెయ్యరాదు. బొమ్మను అడుగు దూరం నుంచి చూసుడంటే నిజం విమానాన్ని 32 అడుగుల నుంచి చూసినట్టు. దూరం నుంచి చూస్తే ఏ రంగైన కొంచెం వెలిసినట్టే కనపడతది. అందుకే కొందరు అసలు రంగులో చుక్క తెలుపు కలుపుతరు. వద్దనేటోళ్లు గూడ ఉన్నరు. నా మాట అడిగితే చుక్క కలపాలె.

నా చిన్నప్పుడు మాకు కిట్లు ఏడియి? జొన్న కోసినంక చేన్ల దంట్లు ఉంటుండె. దంటు పై పట్ట ఒలిస్తే లోపల తెల్లటి మెత్తని బెండు. బెండును ముక్కలు చేసి, ఆ పట్టనే సన్నగ చీల్చి మేకులు చేసి, గుచ్చి, ఎడ్లబండ్లు చేసేటోళ్లం. ఒక్క దంటులనే కట్టె, మేకు రెండూ ఉంటుండె. చెరువు కట్ట మీద వరుసగ పెట్టి ఎవరిది మంచిగుందని కొట్లాడేది. అందరివి తెల్లగ, నున్నగ, ముచ్చటగ ఉండేటియి. మా దోస్తులల్ల ఒక పోరడు ఉండె, పొద్దంత వడ్లాయన కొట్టం కాడ కూసుంటుండె. వాడు ఒకనాడు బండి తెచ్చిండు. చేతితోని చేసిన గుర్తులు, వంకర చక్రం. కానీ దాన్ని చూసినోడల్లా వంగి మళ్ల చూసిండు. ఏముందబ్బా అని నేను గూడ వంగిన. చక్రం నడుమ, ఇరుసు దూరే కాడ, నల్లగ ఒక మరక. వాళ్ల నాయన బండికి పూసే కందెన. ఆముదం, మసి కలిపింది. ఇరుసు చుట్టు ఒక గీత, కిందికి కారిన ఒక చుక్క. అంతే. మిగతా బండ్లన్ని బెండు, వానిది ఒక్కటే బండి.

వాడు అది ఊహించి పెట్టలే. రోజూ చూసేటోడు కాబట్టి పెట్టిండు.

ఆ టమియా వాళ్లు 1970లల్ల పోర్షె కారు బొమ్మ చెయ్యాలనుకున్నరు. పన్నెండో వంతు కొలత, పెద్ద బొమ్మ. ఆ కంపెనీ ఇంటి మనిషి షున్సాకు టమియా ఏం చేసిండో తెలుసా? నిజం పోర్షె 911 ఒకటి కొని, ముక్క ముక్క ఊడదీయించి లోపల ఏమేం ఉన్నయో కొలిపిచ్చిండు. మీ నాయనకు ఈ ముచ్చట చెప్పకుండ్రి, కారు తాళం దాస్తడు.

మనం పోర్షె కొనేది లేదు. దసరా దాటినంక వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి ట్రాక్టర్లు వస్తయ్. మీ నాయనను తోలుకొని ఒక పొద్దుగాల పొండ్రి. ట్రాక్టరు ఎక్కేకాడ మెట్టును చూడుండ్రి. నడుమ రంగు పోయి ఇనుము మెరుస్తుంటది, అంచులల్ల రంగు అట్లనే ఉంటది. ఎందుకు? డీజిల్ పోసే మూత కిందికి ఒక చార ఉంటది, దానికి దుబ్బ పట్టుకొని ఉంటది. ఆ చార ఎంత పొడుగు? పైన వెడల్పా, కింద వెడల్పా? పెద్ద టైరు పైన రేకు లోపటి దిక్కు వంగి చూడుండ్రి, బురద ఏ మూల గడ్డ కట్టిందో. ఎర్ర చెల్క నుంచి వచ్చిన బండి బురద వేరే, నల్లరేగడి నుంచి వచ్చిన బండి బురద వేరే. తడి బురద ఏ రంగు, ఎండింది ఏ రంగు? రెండూ ఒకే టైరు మీద ఉంటే అది పొద్దుగాల ఎక్కడ దిగబడ్డదో మీరే చెప్పొచ్చు. మిగ్ మీద గూడ మనుషులే ఎక్కుతరు, ఇంధనం పోస్తరు, మూతలు తెరుస్తరు. దాని రెక్క మొదట్ల బూటు రాసుకున్న కాడ రంగు ఎట్ల పోతదో మీకు ఆ మెట్టే చెప్తది.

ఒక్కటి మాత్రం యాదికుంచుకోండ్రి. కొందరు బొమ్మ పాతగ కనపడాలని ఎర్ర తుప్పు మెత్తుతరు. విమానం పై రేకు అల్యూమినియం, దానికి ఎర్ర తుప్పు పట్టదు. పైగా సైన్యంల విమానాన్ని రోజూ తుడిచేటోళ్లు ఉంటరు. ట్రాక్టర్ మీద చూసిందంత తెచ్చి విమానానికి పుయ్యకుండ్రి.

పోయేటప్పుడు పెన్సిలు, కాయితం పట్టుకపోండ్రి. ఫోటోలు వద్దు, గీయుండ్రి. గీస్తేనే చెయ్యి చూస్తది. డ్రైవరును అడగకుండ బండి ఎక్కకుండ్రి, ఎన్క చక్రం కాడ నిలబడకుండ్రి. నీళ్లల్ల నానబెట్టి అంటించే గుర్తుల ముచ్చట, రంగు చల్లే గాలి కుంచె ముచ్చట వచ్చే ఉత్తరంల రాస్తా. అప్పటిదాక ఒక్క ముక్క గూడ చట్రం నుంచి కొయ్యకుండ్రి. మనస్వి, నువ్వు గీసినయి ముందు పంపు. మీ అన్న అక్షరాలే వంకర, గీతల సంగతి దేవుడెరుగు.

ఇట్లు,
మీ తాత,
కాజీపేట