రాజీనామా చేస్తేనే కసి పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

గత వారం పాలిటీ క్లాసు అయ్యాక ఒక అమ్మాయి నా బల్ల మీద ప్లాస్టిక్ ఫైలు పెట్టింది. లోపల గుండ్రటి చేతిరాతతో రాజీనామా లేఖ, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. 2019లో గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుగా చేరిన అమ్మాయి. "సార్, ఇది ఇచ్చేస్తే వెనక్కి వెళ్లే దారి ఉండదు. అప్పుడు చదవక తప్పదు కదా" అంది. అనంతపురంలో పద్నాలుగేళ్లుగా గ్రూప్స్ అభ్యర్థులకు పాఠాలు చెబుతున్నాను. ఈ మాట వినని నెల లేదు.

అపోహ: ఉన్న ఉద్యోగం వదిలేస్తేనే గ్రూప్-2 వస్తుంది.

వాస్తవం: ముందు క్యాలెండర్ చూడండి. 2023 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న అయింది. మెయిన్స్ జులైలో అన్నారు, తర్వాత జనవరి అన్నారు, చివరికి పెట్టింది 2025 ఫిబ్రవరి 23న. నోటిఫికేషన్ వచ్చిన వారంలోనే బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రాడొకడు నా దగ్గర చదివాడు. చేతిలో ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడా డబ్బుంది. తొమ్మిదో నెలలో మధ్యాహ్న భోజనం మానేశాడు. నాకు తెలిసేసరికి దసరా దాటింది. స్టడీ హాల్లో పుస్తకం తెరిచే ఉండేది, పేజీ తిరిగేది కాదు. గది అద్దె, చెల్లెలి ఫీజు, ఊరికి వెళితే ఎదురయ్యే ప్రశ్నలు, బుర్ర నిండా ఇవే. అంతకుముందు మాదిరి పరీక్షల్లో తెలియని ప్రశ్నను నిబ్బరంగా వదిలేసేవాడు. ఇప్పుడు ఒక్క మార్కు కూడా పోకూడదని తెలియనివాటికీ ఏదో ఒక జవాబు పెట్టడం మొదలుపెట్టాడు. ప్రతి తప్పుకూ మూడో వంతు మార్కు కోత. అతనికి తెలిసింది తగ్గలేదు, మార్కులు తగ్గాయి. భయం చేసే పని అదే.

కసి పెంచుతామనే వీడియోల్లో ఈ కుర్రాడి కథ ఎవరూ చెప్పరు. సైన్యానికి వెనక్కి వెళ్లే దారి లేకుండా మెక్సికో తీరంలో ఓడలు తగలబెట్టిన స్పెయిన్ సేనాని కోర్టెస్ కథ చెబుతారు. అదీ తప్పుగా. 1519లో అతను ఓడలను కాల్చలేదు, గట్టుకు తోలి పనికిరాకుండా చేయించాడు. అంతకుముందే తెరచాపలు, తాళ్లు, ఇనుప సామాను విప్పించి దాచాడు. 1521లో సరస్సు మధ్యనున్న అజ్టెక్‌ల రాజధానిని ముట్టడించడానికి కట్టించిన పదమూడు పడవలకు ఆ సామానే అక్కరకొచ్చింది. పైగా ఓడలను పాడుచేయడానికి ముందే ఒకదాన్ని కానుకలతో స్పెయిన్ రాజు దగ్గరికి పంపాడు. సైనికులు పారిపోయే దారి మూశాడు తప్ప, బతికే దారి మూసుకోలేదు.

కసి వాదంలో కొంత నిజం ఉంది, కాదనను. ప్రత్యామ్నాయం గురించి ముందే ఆలోచించి పెట్టుకున్నవారు అసలు పనిలో తక్కువ శ్రమపడ్డారని జిహే షిన్, క్యాథరిన్ మిల్క్‌మన్ 2016లో చూపించారు. కానీ అక్కడ తేడా వచ్చింది ఆలోచన వల్ల. తిండి మానుకోమని ఆ పరిశోధన చెప్పలేదు. 2014లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, ఉద్యోగం చేస్తూనే వ్యాపారం మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా అందులోకి వెళ్లినవారి వ్యాపారం మూతపడే ప్రమాదం మూడో వంతు తక్కువ. పరీక్ష, వ్యాపారం ఒకటి కావు గానీ, జీతం ఉన్నవాడికి పట్టుదల ఉండదనే మాట మాత్రం నిలవదు.

మా నాన్న వేరుశనగ రైతు. తొలి పదునుకే ఇంట్లో ఉన్న విత్తనకాయలన్నీ ఏనాడూ నేలలో వేయలేదు. ఒక మూట అటక మీద ఉండేది. ఒక ఏడు మొలక వచ్చాక ఇరవై రోజులు చినుకు లేదు. చేనంతా ఎండిపోయింది. రెండో వానకు ఆ మూట దించి మళ్లీ విత్తాడు. అంతరపంటగా కంది సాళ్లు ఎప్పుడూ ఉండేవి. మా నాన్నకు సేద్యం మీద పట్టుదల లేదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

అపోహ: గ్రూప్-2, డీఎస్సీ, బ్యాంకు అన్నీ రాస్తే ఏదో ఒకటి తగులుతుంది.

వాస్తవం: మూయాల్సిన తలుపు ఇది. ఒకటి ఎంచుకోండి. ఎన్ని ప్రయత్నాలు, ఏ తేదీ వరకు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి ఇవ్వండి. ఉదయం ఐదు నుంచి ఎనిమిది దాకా ఫోను పక్కింట్లో ఉండాలి. అయితే డీఎస్సీ ఎంచుకున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 2018 తర్వాత పరీక్ష దాకా వచ్చిన పెద్ద డీఎస్సీ 2025లోనే, 16,347 పోస్టులతో. ఆ ఏడేళ్లు ప్రైవేటు బడిలో వచ్చే జీతం కూడా లేకుండా ఎదురుచూసినవారిని అడిగి చూడండి.

అపోహ: అందరికీ చెప్పేస్తే పరువు కోసమైనా చదువుతాం.

వాస్తవం: ఇద్దరికి చెప్పండి, చాలు.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగికి రాజీనామా తప్ప దారి లేదు.

వాస్తవం: శాఖ అనుమతితో పరీక్ష రాయవచ్చు. మంజూరైతే జీతం లేని సెలవు పెట్టవచ్చు. అనుమతితో రాసి ఎంపికైతే పాత సర్వీసు కాపాడుకునే వీలుంది. చదువుకుంటానని రాజీనామా చేస్తే అది పోతుంది.

ఆ అమ్మాయికి ఇవన్నీ ఒకేసారి చెప్పలేదు. నెలకు ఇంటికి ఎంత పంపిస్తున్నావని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫైలులోంచి లేఖ తీసి, వెనక్కి తిప్పి, నా పెన్ను అడిగి తీసుకుంది. "నోటిఫికేషన్ వచ్చాక, ప్రిలిమ్స్‌కు ముందు నలభై ఐదు రోజులు సరిపోతాయా సార్?" అంటూ సెలవు దరఖాస్తు రాయడం మొదలుపెట్టింది.