అది ఆ కాలం నాటిదే, అయినా పాయింట్లు పోతాయి: పాత కార్ల షోలో యాక్సెసరీల గురించి అపోహలు - వాస్తవాలు

అవార్డు రాలేదని తెలిశాక షో ఫీల్డులో వినపడే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇది ఈ మధ్య చేసిన నకలు కాదండీ, నిజంగా 1950 నాటిదే. దీనికి పాయింట్లు ఎలా కోస్తారు?" అడిగేవాళ్ల బాధ అర్థమవుతుంది. స్వాప్ మీట్లన్నీ (పాత విడిభాగాల సంతలు) గాలించి, వందల డాలర్లు పోసి కొన్న వస్తువది. "పాతదైతే చాలు, జడ్జి ఏమీ అనడు" అని వాళ్లకు చెప్పినవాళ్లు మాత్రం ఆ రోజు ఎక్కడా కనపడరు.

అపోహ: కారూ యాక్సెసరీ ఒకే కాలానివైతే పాయింట్లు పోవు.

పోతాయి. 1935లో పుట్టిన యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా (ఏఏసీఏ) వస్తువు వయసు చూడదు. కొత్త కారును డీలర్ ఎలా తయారుచేసి కస్టమర్ చేతికి ఇవ్వగలిగేవాడో, అదే వాళ్ల కొలత. ఆ మోడల్ సంవత్సరానికి కంపెనీ వేసిన కేటలాగులోనో, పార్ట్స్ బుక్కులోనో, సేల్స్ బ్రోషర్లోనో, డీలర్లకు పంపిన ఆదేశాల్లోనో ఆ యాక్సెసరీ ఉండాలి. ఉంటే మీ బండి ఫ్యాక్టరీ నుంచి అది లేకుండా వచ్చినా ఫర్వాలేదు, మీరు నిన్న బిగించినా ఫర్వాలేదు. లేకపోతే అది 1950లోనే బిగించినదైనా కోత తప్పదు.

1950 షెవర్లే మీద విండ్‌షీల్డుకు బయటి వైపు ఉండే సన్ విజర్ (ఎండ పడకుండా అడ్డు) తీసుకోండి. షెవర్లే తన యాక్సెసరీల జాబితాలోనే అలాంటిది అమ్మింది. అదే రోజుల్లో ఫుల్టన్ అనే వేరే కంపెనీ విజర్లు కూడా ఆటో స్టోర్లలో విరివిగా దొరికేవి. రెండూ రేకువే, రెండూ ఆనాటివే. పది అడుగుల దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. జడ్జి దగ్గరికొచ్చి చూసేది బ్రాకెట్ల ఆకారం, అంచు మడత, పైకప్పు అంచున నీళ్లు జారే గాడి, అంటే డ్రిప్ రెయిల్‌ని పట్టుకునే క్లాంపులు. షెవర్లే సొంతదారు జనరల్ మోటార్స్ (జీఎం) అమ్మిన విజర్‌కు ఏమీ పోదు. ఫుల్టన్‌కు పాయింట్లు పోతాయి, అది ఎంత అరుదైనదైనా, ఎంత నిగనిగలాడినా. సియర్స్, జె.సి. విట్నీ కేటలాగుల్లో దొరికిన సరుకుకీ ఇదే లెక్క: అవి దుకాణాల కేటలాగులు, కారు కంపెనీవి కావు.

ఇందులోనే ఇంకో గోతి ఉంది. 1954 జాబితాలో ఉన్న యాక్సెసరీ 1951 కారుకు రుజువు కాదు. "అదే బాడీ కదా, అలాగే బిగుస్తుంది కదా" అంటే జడ్జి వినడు. ఆ సంవత్సరం కాగితమే కావాలి.

దీనికి ఇంత పట్టింపు ఎందుకంటే మార్జిన్ సన్నం. మొత్తం 400 పాయింట్లలో, ఏఏసీఏ అవార్డు జూనియర్ ఫస్ట్‌కు కనీసం 365 రావాలి. అంటే బండి మొత్తానికి మీ చేతిలో ఉన్నది 35. పెయింటు మీద గీతలకు, క్రోముకు, అప్‌హోల్‌స్టరీ కుట్లకు ఎలాగూ కొంత పోతుంది. మీరే డబ్బులిచ్చి కొన్న విజర్, తప్పు టైర్లు, తప్పు బ్యాటరీ కలిసి మిగతాది తినేస్తాయి.

రుజువు చూపించే బాధ్యత ఓనరుది. ఫైలు ఇలా పెట్టుకోండి: ఏ సంవత్సరపు పుస్తకమో తెలిసేలా కవరు పేజీ, యాక్సెసరీ ఉన్న పేజీ, పార్ట్ నంబరు మీద గుర్తు. ఒక్కో వస్తువుకు ఒక్క షీటు చాలు. జడ్జింగ్ టీమ్ రాగానే కెప్టెన్ చేతికివ్వండి. వాళ్లు వెళ్లిపోయాక చూపించి లాభం లేదు. పక్క షోలోని కారు ఫోటో, ఇంకో ఓనర్ రాసిచ్చిన ఉత్తరం, "మా తాతగారు కొన్నప్పటి నుంచీ ఉంది" అనే మాట, ఇవేవీ రుజువు కిందికి రావు. జీఎం బండ్లకైతే జీఎం హెరిటేజ్ సెంటర్ సంవత్సరం వారీగా ఇచ్చే ఇన్ఫర్మేషన్ కిట్లతో మొదలుపెట్టండి. మిగతా బండ్లకు అమెరికాలోని హెర్షీ ఊళ్లో ఉన్న ఏఏసీఏ లైబ్రరీని అడగండి.

కాగితం దొరకకపోతే షోకు ముందు విప్పేయడమే మంచిది. కానీ ఆ వస్తువు కోసం ఫెండర్‌కో డాష్‌కో రంధ్రాలు వేసి ఉంటే, అవి అలాగే కనపడితే వాటికీ పోతుంది. వెల్డింగ్, పెయింటు అయ్యాకే ఫీల్డుకు తీసుకెళ్లండి.

అపోహ: ఇంజన్ బేలో ఎవరు చూస్తారు?

అక్కడే ఎక్కువ దొరికిపోతారు. 1955 షెవర్లే 265 వీ8 బ్లాకులో ఆయిల్ ఫిల్టరుకు చోటే లేదు. ఆప్షన్‌గా కంపెనీ అమ్మిన డబ్బా ఫిల్టరును ముందు వైపు బిగించి, గొట్టాలతో కలిపేవాళ్లు. సరైన ఆ డబ్బా ఉంటే యాక్సెసరీగా చెల్లుతుంది, అసలు లేకపోయినా ఏమీ పోదు. "ఇంజన్‌కు మంచిది" అని ఈనాటి స్పిన్-ఆన్ ఫిల్టర్ పెడితే కోతే. జెనరేటర్ తీసేసి ఆల్టర్నేటర్ పెట్టడం, పాత హోస్ క్లాంపుల చోట ఈనాటి స్క్రూ క్లాంపులు వేయడం కూడా అంతే. ఇంకోటి, తల మీద ప్లస్ గాడి ఉండే ఫిలిప్స్ స్క్రూలు కార్లలోకి వచ్చింది 1936లో, క్యాడిలాక్‌తో. అంతకు ముందే వచ్చిన మోడల్-ఏ ఫోర్డు మీద ఆ ప్లస్ గుర్తు కనపడితే ఇక వాదించడానికి ఏముంటుంది?

మిగతావి గబగబా.

సీటు బెల్టులు, టర్న్ సిగ్నల్స్ పెట్టుకుంటే పాయింట్లు పోతాయన్నది ఉత్త పుకారు. అవి భద్రత కోసం, అలంకారం కాదు. పిల్లల్ని ఎక్కించుకుని నడిపే బండికి బెల్టు తీసేయకండి, దయచేసి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకపోతే మాత్రం జడ్జింగే జరగదు.

రేడియల్ టైర్లకు భద్రత పేరు చెప్పి తప్పించుకోలేరు. అమెరికన్ కార్లలో అవి స్టాండర్డ్‌గా మొదలైంది 1970 లింకన్ మార్క్ 3తో. టైరు పక్కనుండే తెల్ల పట్టీ (వైట్‌వాల్) వెడల్పు కూడా చూసుకోండి; 1962లో బాగా సన్నబడింది, 1957 కారుకు ఆ సన్న గీత నప్పదు.

ఫ్యాక్టరీ కంటే ఎక్కువ మెరిస్తే ఎక్కువ పాయింట్లా? రావు. బండి పక్కన అలంకారంగా పెట్టే పిక్నిక్ బుట్టకూ రావు.

కొన్నప్పటి పెయింటు, సీట్లు అలాగే నిలిచిన బండిని పాయింట్ల కోసం రీస్టోర్ చేయొద్దు. దాని కోసమే హెచ్‌పీఓఎఫ్ అనే విభాగం వేరే ఉంది.

ఒక క్లబ్ రూల్సు ఇంకో క్లబ్‌కు వర్తించవు. షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్ల క్లబ్ ఎన్‌సీఆర్‌ఎస్ చూసేది కారు ఫ్యాక్టరీ గేటు దాటిన క్షణం. ఏఏసీఏలో చెల్లిన డీలర్ బిగింపుకు అక్కడ పాయింట్లు పోతాయి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఇచ్చే గుర్తింపు కార్డులో ఆ కాలం నాటి మార్పులకు టైప్ బి అని వేరే గడే ఉంది. మన దేశంలో 50 ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద ఇచ్చే వీఏ (వింటేజ్) నంబర్ ఉత్త రిజిస్ట్రేషన్ వ్యవహారం. దాన్ని చూపించి షోలో ఒరిజినాలిటీ అడిగితే జడ్జికి చేయగలిగిందేమీ లేదు.