ఇంట్లో లయన్‌ఫిష్: ముల్లు గురించి భయం సరే, మేత సంగతేంటి?

ఉప్పునీటి ఆక్వేరియంలు చూసుకోవడమే నా పని. విషపు ముళ్ళుండే సముద్రపు చేప లయన్‌ఫిష్‌ని కొనాలనుకునేవాళ్ళు నన్ను మొట్టమొదట అడిగేది "కుడితే ప్రాణం పోతుందా అండీ?" అని. "ఏం పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి" అని ముందుగా అడిగేవాళ్ళు చాలా తక్కువ. కానీ నేను చూసినంతలో ఇళ్ళలో ఈ చేపలు ఎక్కువగా పోయేది తిండి దగ్గరే, అదీ నెలల తరబడి లోపల్లోపలే పాడై. అందుకే మేత గురించే ఎక్కువ రాస్తున్నాను. ముందు ఆ ముల్లు సంగతి తేల్చేద్దాం.

అపోహ: లయన్‌ఫిష్ కుడితే మనిషి బతకడు.

ఆరోగ్యంగా ఉన్న మనిషికి ప్రాణం మీదికి రావడం చాలా అరుదు. నొప్పి మాత్రం భరించలేనంత ఉంటుంది, వాపు కూడా. వీపు మీద 13, పొట్ట దగ్గర 2, కింద తోక వైపు 3 ముళ్ళలో విషం ఉంటుంది. పక్కల విసనకర్రల్లా విప్పుకుంటుందే, ఆ పెద్ద రెక్కల్లో విషం లేదు. ఇది వెంటపడి కుట్టే చేప కాదు, అది ఎక్కడుందో చూసుకోకుండా మనం చెయ్యి పెడితేనే ముల్లు దిగుతుంది. కాబట్టి ట్యాంక్‌లో చెయ్యి పెట్టినంతసేపూ చేప మీద ఒక కన్ను ఉండాలి. పట్టుకోవడానికి వల వాడొద్దు, ముళ్ళు వలలో చిక్కుకుంటే చేపకీ దెబ్బ, మీకూ ప్రమాదం. పెద్ద ప్లాస్టిక్ డబ్బా ముంచి నెమ్మదిగా దాంట్లోకి తోలండి. చచ్చిపోయిన చేప ముళ్ళతోనూ జాగ్రత్తే.

ముల్లు దిగితే పైన గుడ్డ బిగించి కట్టడం, కోసి రక్తం పిండడం, ఐసు పెట్టడం, ఇవేవీ వద్దు. ఆ విషం ప్రోటీన్, వేడికి చెడిపోతుంది. కుట్టిన చోటును 45 డిగ్రీలు దాటని వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో కుట్టని చేత్తోనే చూసుకోవాలి, ఎందుకంటే నొప్పిలో ఉన్న చేతికి వేడి సరిగ్గా తెలియదు, కాల్చుకుంటారు. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ముల్లు ముక్క లోపల ఉండిపోయిందేమో చూడాలి, టీటీ ఇంజెక్షన్ సంగతీ అడగాలి. ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా వేడినీళ్ళంటూ కూర్చోవద్దు, నేరుగా ఎమర్జెన్సీకే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ట్యాంక్ మూతకి తాళం ఉండాల్సిందే.

అపోహ: బతికున్న గోల్డ్‌ఫిష్, గప్పీలు వేస్తే చాలు, వేటాడి తింటుంది కదా, అదే దానికి సహజం.

అసలు నష్టం జరిగేది ఇక్కడే. వేటాడటం సహజమే, కానీ దాని సముద్రంలో గోల్డ్‌ఫిష్ ఉండదు. మంచినీటి చేపల కొవ్వు వేరు, సముద్రపు చేపకి కావాల్సిన ఒమేగా-3 కొవ్వులు వాటిలో సరిపడా ఉండవు. పైగా గోల్డ్‌ఫిష్‌లో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది విటమిన్ బి1ను నాశనం చేస్తుంది. వారానికి నాలుగు గోల్డ్‌ఫిష్ చొప్పున వేస్తూ పోతే చేప బాగానే తింటున్నట్టు, బొద్దుగా ఉన్నట్టు కనిపిస్తుంది. లోపల కాలేయానికి కొవ్వు పడుతూ ఉంటుంది, బి1 తగ్గుతూ ఉంటుంది. కొన్ని నెలలకి గురి తప్పుతుంది, మేత ఎదురుగా ఉన్నా అందుకోలేదు, కొన్నిటికి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతుంది. అప్పుడు ఫోన్ చేసి "నిన్నటిదాకా బాగానే ఉందండీ" అంటారు. నిన్నటిదాకా బాగా లేదు, బయటికి తెలియలేదు, అంతే. పైగా ఇలా మేతకని అమ్మే ఫీడర్ చేపలు ఉండే తొట్టెలు ఎంత కిక్కిరిసి ఉంటాయో, వాటితో ఎన్ని రోగాలు వస్తాయో షాపుకి వెళ్ళిన ఎవరైనా చూడొచ్చు.

మరి ఏం పెట్టాలంటే సముద్రపు తిండి, అదీ చచ్చినదే, ఫ్రీజర్‌లోంచి తీసి కరిగించినది. పొట్టుతో సహా పచ్చి రొయ్య, స్క్విడ్, సముద్రపు చేప ముక్కలు, ఆక్వేరియం షాపుల్లో దొరికే సిల్వర్‌సైడ్స్ లాంటి చిన్న చేపలు. ఉప్పు, పసుపు పట్టించినవి పనికిరావు. వీటిలో ఏదీ ఒక్కటే ఏళ్ళ తరబడి పెట్టకూడదు, మార్చి మార్చి పెట్టాలి. నెత్తళ్ళు చవగ్గా దొరుకుతాయని రోజూ అవే వేసేవాళ్ళున్నారు, నెత్తళ్ళ జాతిలోనూ థయమినేజ్ ఉంటుంది, ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన అది పోదు. వారానికి ఒకసారైనా మేతకి చేపల విటమిన్ ద్రవం పట్టించి పెట్టండి.

"మాది చచ్చినవి ముట్టదండీ" అంటారు. కొత్తలో ముట్టదు, నిజమే, దానికి కదిలేదే తిండి. అలవాటు చేయాలి, దానికి ఓపిక కావాలి. ముందు బతికున్న చిన్న రొయ్యలు, లేదా నెమ్మదిగా ఉప్పునీటికి అలవాటు చేసి మంచి మేత పెట్టి పెంచిన మోలీ అనే చిన్న చేపలు కొన్నాళ్ళు. తర్వాత సాయంత్రం లైట్లు తగ్గించి, పొడవాటి ప్లాస్టిక్ పుల్ల చివర రొయ్య ముక్క గుచ్చి, వేవ్‌మేకర్ (ట్యాంక్‌లో నీటిని కదిలించే పంపు) నీటి వాలులో పెట్టి వణికించండి. చేప మొదట కదలదు. తర్వాత కళ్ళు రెండూ ముక్క వైపు తిరుగుతాయి, రెక్కలు రెండు వైపులా విప్పుకుంటుంది, తల కొంచెం వంచుకుని అంగుళం అంగుళం దగ్గరికొస్తుంది. ఒక్కోసారి ముక్క మీదికి నోటితో నీళ్ళు ఊదుతుంది కూడా, సముద్రంలోనూ ఎరని అలాగే తనవైపు తిప్పుకుంటుంది. అక్కడ మీ చెయ్యి ఆగకూడదు, తొందరపడి ముందుకీ తోయకూడదు. ఒక్క గుక్కలో మింగేస్తుంది. ఆ రోజు తినకపోతే ముక్క తీసేసి, మర్నాడో ఎల్లుండో మళ్ళీ ప్రయత్నించండి. ఒంట్లో పుష్టి ఉన్న పెద్ద చేప వారం తినకపోయినా ఏం కాదు, టెన్షన్ పడొద్దు. పొట్ట లోపలికి పోయి చిక్కిపోయిన చేపని మాత్రం పస్తు పెట్టకండి, దానికి ముందు బతికున్న మేతతోనే ఒంట్లోకి బలం తేవాలి.

అపోహ: అడుగుతోంది కాబట్టి రోజూ పెట్టాలి.

లయన్‌ఫిష్ ఎప్పుడూ అడుగుతుంది! మనిషి కనిపిస్తే అద్దం దగ్గరికొచ్చి తిరుగుతుంది. పెద్ద చేపకి వారానికి రెండు మూడుసార్లు చాలు, పిల్ల చేపలకైతే రోజూ కొద్దికొద్దిగా. ముక్క దాని రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు, పెద్దది మింగితే అరగక రెండో రోజు కక్కేస్తుంది, ఆ కక్కింది నీటిని పాడుచేస్తుంది. అట్లాంటిక్‌లో ఎర పుష్కలంగా దొరికే చోట సముద్రంలో తిరిగే లయన్‌ఫిష్‌లకే పొట్ట నిండా కొవ్వు పట్టిందని పరిశోధకులు చూశారు. ఇంట్లో ఈత తక్కువ, ఇంకా తొందరగా పడుతుంది.

అపోహ: చర్మం ఊడుతోందంటే రోగం వచ్చినట్టే, మందు వేసేయాలి.

ఉన్నట్టుండి చేప ఒళ్ళు విదిలిస్తుంది, నోరు బార్లా తెరుస్తుంది, ఒంటి మీంచి పలచటి పొర పీలికలు పీలికలుగా ఊడి నీళ్ళలో కొట్టుకుపోతుంది. మొదటిసారి చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఇది దానికి మామూలే, ఒంటి మీద చేరిన నాచునీ పరాన్నజీవులనీ అలా వదిలించుకుంటుంది. మరీ తరచుగా అవుతుంటే మాత్రం నీటిలో తేడా ఉన్నట్టు, అమ్మోనియా, నైట్రైట్ (చేప వ్యర్థం వల్ల నీటిలో చేరే విషాలు) టెస్ట్ చేయండి. రెండూ సున్నా ఉండాలి.

అపోహ: దీనికి పొలుసులు లేవు, పరాన్నజీవులకి వేసే కాపర్ మందు వేస్తే చచ్చిపోతుంది.

పొలుసులున్నాయి, చిన్నవి కాబట్టి కనిపించవు. అవసరమైతే కాపర్ వాడొచ్చు, కాకపోతే విడిగా క్వారంటైన్ ట్యాంక్‌లో, టెస్ట్ కిట్‌తో కొలుచుకుంటూ. అందాజాగా చుక్కలు లెక్కపెట్టి వేయడం వద్దే వద్దు.

అపోహ: ఎక్కువ కదలదు, చిన్న ట్యాంక్ చాలు.

షాపులో వేలంత కనిపించే వోలిటాన్స్ రకం లయన్‌ఫిష్ 35 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, పదేళ్ళకు పైగా బతుకుతుంది. దానికి 450 లీటర్లకు తక్కువైతే నేను ఒప్పుకోను, ముందు వెనకల వెడల్పు రెండడుగులైనా లేకపోతే రెక్కలు విప్పి తిరగలేదు. అంత చోటు లేనివాళ్ళు ఫజ్జీ డ్వార్ఫ్, జీబ్రా డ్వార్ఫ్ లాంటి పొట్టి రకాలు తీసుకోండి, 200 లీటర్లలో హాయిగా ఉంటాయి, చూడటానికీ ఏమీ తక్కువ కాదు. ఏ రకమైనా దాక్కోవడానికి గుహ ఉండాలి. తల్లకిందులుగా వేలాడుతోందని కంగారుపడకండి, గుహ పైకప్పు కింద అలా ఉండటం దానికిష్టం.

అపోహ: కోపిష్టి చేప, ఒంటరిగానే ఉంచాలి.

కోపం లేదు, నోట్లో పట్టినదాన్ని మింగుతుంది, అంతే. క్లౌన్‌ఫిష్, డామ్సెల్, రొయ్యలు పోయినట్టే. పెద్ద టాంగ్‌లు, ఫాక్స్‌ఫేస్‌తో బాగానే ఉంటుంది. నిజానికి ట్రిగ్గర్, పఫర్ లాంటివే దీని రెక్కలు కొరికేస్తాయి.

అపోహ: గట్టి చేప, నీరు ఎలా ఉన్నా తట్టుకుంటుంది.

కొన్నాళ్ళు తట్టుకుంటుంది, దాంతో మనం మోసపోతాం. ఒక్కసారి తిన్నాక వదిలే వ్యర్థం చాలా ఎక్కువ, స్కిమ్మర్ (నురుగుతో వ్యర్థాన్ని బయటికి తీసే పరికరం) లేకుండా ఈ చేపని పెట్టొద్దు. ట్యాంక్ సైక్లింగ్, అంటే వ్యర్థాన్ని శుభ్రం చేసే బ్యాక్టీరియా ట్యాంక్‌లో పెరగడం, నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటిదాకా ఆగండి. బోరు నీళ్ళు వద్దు, ఆర్‌ఓ నీళ్ళలోనే సాల్ట్ మిక్స్ కలపాలి. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరై మట్టం తగ్గితే ఉప్పునీళ్ళు పోస్తుంటారు, నీరే ఆవిరవుతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది, కాబట్టి పోయాల్సింది ఉత్త ఆర్‌ఓ నీళ్ళు. సాంద్రత 1.023-1.025, వేడి 24-27 డిగ్రీలు. మన ఏప్రిల్, మే నెలల్లో నీటిని చల్లబరిచే చిల్లర్ లేకుండా ఇది కుదరదు. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ సమయంలోనే కరెంటు పోతే చేప పైకొచ్చి రొప్పుతుంది, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

అపోహ: పెంచలేకపోతే సముద్రంలో వదిలేస్తే పుణ్యం.

మన బంగాళాఖాతంలో లయన్‌ఫిష్‌లు ఉన్న మాట నిజమే. 1803లో విశాఖ చేపల్ని బొమ్మలతో అచ్చు వేయించిన పాట్రిక్ రస్సెల్ పేరుతోనే టెరోయిస్ రస్సెలీ అనే రకం ఉంది. అయినా మీ ట్యాంక్‌లోది ఏ సముద్రంలో పట్టారో, ఏ రోగం మోస్తోందో తెలియదు. ఫ్లోరిడా తీరంలో 1985లోనే ఒక లయన్‌ఫిష్ దొరికింది, పెంచుకునేవాళ్ళు వదిలినవే మూలమని గట్టి అనుమానం. ఇప్పుడు కరీబియన్ అంతా నిండిపోయి అక్కడి చిన్న చేపల్ని ఊడ్చేస్తున్నాయి. ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్ళు గమనించాలి, 2014 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రంలోకి బతికున్న లయన్‌ఫిష్ తెప్పించడం నిషేధం. పెంచలేకపోతే కొన్న షాపుకే తిరిగివ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళని వెతకండి.

కొనేవాళ్ళకి ఇంకొక్క మాట. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రంలో పట్టినవే, ప్రయాణంలో నలిగిపోయి ఉంటాయి. కళ్ళు తేటగా ఉన్నాయా, పొట్ట లోపలికి పోయిందా, దవడలు మామూలుగా మూసుకుంటున్నాయా, ఊపిరి వేగంగా ఉందా చూడండి. మీ ఎదురుగా చచ్చిన రొయ్య పెట్టమని షాపతన్ని అడగండి. తినకపోతే కొంచెం అడ్వాన్స్ ఇచ్చి, తినడం మొదలెట్టేదాకా అక్కడే ఉంచమని చెప్పి రండి.