మోడల్ రైల్వే లైటింగ్: అపోహలు - వాస్తవాలు

హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో (1:87), మోడల్ స్టేషన్లు కట్టి వాటికి దీపాలు పెట్టడం నాకు చాలా ఇష్టమైన పని. కొత్తగా లేఔట్ (పట్టాలు, స్టేషన్లు, పరిసరాలు కలిపి కట్టే మోడల్) మొదలుపెట్టినవాళ్ల నుంచి తరచుగా వినే మాటలివి.

అపోహ: ఎంత వెలుగుంటే లేఔట్ అంత బాగుంటుంది.

వాస్తవం: లేఔట్‌ను ఎక్కువగా పాడుచేసేది ఇదే. చిన్న ఎల్‌ఈడీలు సాధారణంగా 20 మిల్లీయాంప్‌ల వరకు తట్టుకుంటాయి. తట్టుకుంటాయి కదా అని అంతా ఇస్తే స్టేషన్ మాస్టర్ గది పెళ్లిపందిరిలా వెలిగిపోతుంది. 12 వోల్టుల సప్లైలో తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు పోతే, మిగతా 9 వోల్టులు రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) మీద పడతాయి. 470 ఓమ్‌లు పెడితే 19 మిల్లీయాంప్‌లు, 4.7 కిలోఓమ్‌లు పెడితే దాదాపు 2. గదిలో దీపానికి ఆ రెండే చాలు. లాంతరుకైతే నేను 10 కిలోఓమ్‌లు వాడతాను. గదిలో లైటు ఆర్పి, కళ్లు చీకటికి అలవాటుపడ్డాకే ఏ రెసిస్టర్ పెట్టాలో తేల్చుకోండి.

అపోహ: నాలుగు ఎల్‌ఈడీలను పారలల్‌గా (అన్నిటినీ అవే రెండు తీగల మధ్య) కలిపి ఒకే రెసిస్టర్ పెట్టొచ్చు.

వాస్తవం: వెలుగుతాయి, కానీ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. దేనికది విడిగా రెసిస్టర్ పెట్టండి.

అపోహ: వార్మ్ వైట్ (పసుపు ఛాయ తెలుపు) ఎల్‌ఈడీ ఎక్కడ పెట్టినా సహజంగానే ఉంటుంది.

వాస్తవం: మీ లేఔట్ ఏ ఊరిది, ఏ కాలానిది అన్నది ముందు చూసుకోవాలి. 1980ల నాటి మన స్టేషన్ కడుతుంటే ప్లాట్‌ఫామ్ మీద ట్యూబ్‌లైట్లుండాలి, వాటికి కూల్ వైటే (నీలి ఛాయ తెలుపు) సరైనది. వార్మ్ వైట్ పక్కనున్న క్వార్టర్స్‌లోని బల్బులకు. యార్డులో సోడియం దీపాలు చూపించాలంటే నారింజ కలిసిన పసుపు కావాలి. ఈ మూడు రంగులూ పక్కపక్కన పడితే రాత్రి స్టేషన్ కళ్లముందుకొస్తుంది.

అపోహ: లోపల లైటు పెడితే కిటికీలోంచే వెలుగొస్తుంది.

వాస్తవం: ప్లాస్టిక్ గోడలోంచి కూడా వస్తుంది. నా మొదటి సిగ్నల్ క్యాబిన్ స్విచ్ వేయగానే గోడలన్నీ లాంప్‌షేడ్‌లా మెరిశాయి, అడుగున సన్నటి వెలుగు గీత కూడా. అప్పటినుంచి గోడల లోపలి వైపు ముందు నలుపు, అది ఆరాక తెలుపు వేస్తున్నాను. నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు గదంతా పరుస్తుంది. అడుగు సందుకు నల్ల కాగితం పట్టీ అంటిస్తాను.

అపోహ: బోగీలో లైటు రెపరెపలాడితే ఎల్‌ఈడీ పాడైనట్టే.

వాస్తవం: చాలాసార్లు కారణం పట్టాల మీదా చక్రాల మీదా పట్టిన మురికే. ముందు వాటిని తుడవండి. అప్పటికీ ఆగకపోతే బ్రిడ్జ్ రెక్టిఫయర్ (పట్టాల నుంచి వచ్చే కరెంటును ఒకే దిశలోకి మార్చేది) తర్వాత ఒక కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచేది) పెట్టండి, ప్లస్ మైనస్ సరిచూసుకుని.