జూన్ నెలలో చలికోటు

ఆఫ్రికా నుంచి మన దేశానికి తెచ్చిన, అక్కడి ఎండల్లో పుట్టి పెరిగిన చీతాలకి మన వాతావరణం పడకపోవడమేంటి, అక్కడా ఎండే కదా అని మొన్న మా అక్క కూతురు అడిగింది. చాలా మంచి ప్రశ్న, దీని జవాబు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను.

మన దేశంలో చీతాలు ఎలా పోయాయో క్లుప్తంగా చెప్తా. (చీతా వేరు, చిరుత వేరు. కంటి నుంచి నోటిదాకా కన్నీటి చారలా నల్ల గీత ఉంటే అది చీతా.) రాజులు వేటకోసం వీటిని అడవిలో పట్టి పెంచేవాళ్లు, అక్బర్ వెయ్యి దాకా సేకరించాడని జహంగీర్ రాసుకున్నాడు, కానీ బోనులో అవి పిల్లల్ని కనడం చాలా అరుదు, కాబట్టి పట్టిన ప్రతి చీతా అడవికి నష్టమే. గడ్డిమైదానాలూ పోయాయి. 1947లో కొరియా సంస్థానం (ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది) రాజు మూడింటిని కాల్చాడు, 1952లో అంతరించాయని ప్రకటించారు.

2022 సెప్టెంబర్‌లో నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకి వచ్చాయి. ఆ వానాకాలంలోనే అసలు సంగతి బయటపడింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆఫ్రికా దక్షిణాన చలికాలం, దానికోసం కొన్ని చీతాలకి దట్టంగా బొచ్చు పెరిగింది, ఇక్కడేమో ఉక్కపోత, వాన! మెడలో జాడ తెలియడానికి కట్టిన రేడియో కాలర్, దానికింద తడిసి ఆరని బొచ్చు, దురద, గోకితే పుండు, మెడ కాబట్టి నాలుకతో నాకి శుభ్రం చేసుకోవడానికి అందదు, ఈగలు గుడ్లు పెట్టి పుండుకి పురుగు పట్టింది, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. జులై, ఆగస్టుల్లో మూడు చీతాలు అలా పోయాయి. మిగతావాటిని మళ్లీ కంచె వేసిన ఎన్‌క్లోజర్లలోకి తెచ్చి వైద్యం చేశారు.

మరి బొచ్చు పెంచమని ఎవరు చెప్పారు? చలి కాదు, చలే లేదుగా. చాలా క్షీరదాల్లో రాత్రి ఎంత పొడుగుంటే మెదడులోని పీనియల్ గ్రంథి అంతసేపు మెలటోనిన్ అనే హార్మోన్ వదుల్తుంది, దాన్నిబట్టి మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి ప్రొలాక్టిన్ అనే ఇంకో హార్మోన్‌ని తగ్గిస్తుంది, ప్రొలాక్టిన్ తగ్గితే చలికాలం బొచ్చు వస్తుంది. కానీ ఇక్కడే చిక్కు, జూన్‌లో కూనోలో పగలు పదమూడున్నర గంటలు, ఆ వెలుతురు మాటే వింటే బొచ్చు రాలాలి కదా! ఎందుకు రాల్లేదంటే బహుశా లోపల ఇంకో గడియారం ఉండటం వల్ల, ఏడాదికి ఒక చుట్టు తిరిగేది. నేల ఉడతల్ని ఏళ్లతరబడి మార్పులేని వెలుతురులో, మార్పులేని చలిలో ఉంచి చూశారు, అయినా అవి ఏడాదికోసారి నిద్రాణస్థితిలోకి వెళ్లాయి, కాకపోతే ఆ చుట్టు 365 రోజులకి కొంచెం తక్కువ. ఆ తేడాని సరిదిద్దేది పగటి పొడుగే, అదీ మెల్లిగా. చీతాలు వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు, ఒళ్లు ఇంకా పాత క్యాలెండర్‌లోనే ఉంది.

ఉత్తరాయణం పుణ్యకాలమని పిల్లలకి చెప్తాం, పగలు పెరిగే కాలమని మాత్రం చెప్పం. భూమి సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం అనుకునే డిగ్రీ పిల్లలు కూడా ఉన్నారు, నాకు చాలా బాధేస్తుంది. మనకి పగళ్లు పెరిగే ఉత్తరాయణమే ఆఫ్రికా దక్షిణాన ఉన్నవాళ్లకి పగళ్లు తగ్గే కాలమని ఒక్క బొమ్మ గీసి చూపిస్తే చాలు.

2023 మార్చిలో జ్వాల అనే నమీబియా చీతా కూనోలో నాలుగు పిల్లల్ని కంది. మే ఎండల్లో మూడు పోయాయి, మిగిలిన ఆడపిల్లని సిబ్బందే పెంచారు, పేరు ముఖి. ఆఫ్రికా ఆకాశం అది ఎప్పుడూ చూడలేదు, పుట్టినప్పట్నుంచీ చూసింది కూనో పగళ్లూ రాత్రులే. 2025 నవంబర్‌లో ముఖి ఐదు పిల్లల్ని కంది. అప్పటికి కూనోలో పగళ్లు తగ్గుతూ చలి మొదలవుతోంది.