నోటో గుమ్మటం కూలాకే గోడ లోపలికి చూశారు

1996 మార్చి 13 రాత్రి ఇటలీలోని సిసిలీ దీవిలో నోటో పట్టణపు కెథడ్రల్ (బిషప్ ఉండే ప్రధాన చర్చి) కూలింది. కుడివైపు స్తంభాలు బరువు ఆపలేక విరిగిపోయాయి. వాటితోపాటు నడిమి హాలు కప్పు, గుమ్మటంలో చాలా భాగం నేలమట్టమయ్యాయి. లోపల ఎవరూ లేరు కాబట్టి ప్రాణనష్టం తప్పింది. ఆ రాత్రి భూకంపమేమీ రాలేదు. 1990 డిసెంబరులో వచ్చిన భూకంపానికి గోడలు బీటలు వారిన మాట నిజమే. కానీ అది జరిగి అప్పటికి ఐదేళ్లు దాటింది.

అసలు నోటో పుట్టిందే భూకంపంలోంచి. 1693 జనవరి 11న ఆగ్నేయ సిసిలీలో నేల కంపించి సుమారు 60 వేల మంది చనిపోయారని అంచనా. కటానియా నగరంలో మిగిలినవాళ్లకన్నా పోయినవాళ్లే ఎక్కువ. సముద్రానికి అవతల ఉన్న మాల్టాలో ఎండీనా కెథడ్రల్ కూడా అదే దెబ్బకు బాగా దెబ్బతింది. దాన్ని మాల్టా వాస్తుశిల్పి లొరెంజో గఫా బరోక్ పద్ధతిలో, అంటే 17, 18 శతాబ్దాల ఐరోపాలో వంపులూ అలంకారాలూ నిండిన శైలిలో, మళ్లీ కట్టాడు.

అప్పట్లో సిసిలీ స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. పునర్నిర్మాణం బాధ్యతను అక్కడి స్పెయిన్ వైస్రాయ్, కామాస్త్రా డ్యూక్ అయిన జుసెప్పె లాంజాకు అప్పగించాడు. కొండ మీది పాత నోటోను వదిలేసి, కొన్ని కిలోమీటర్ల దూరంలో కొత్త ఊరికి ముగ్గు పోయించాడు లాంజా. జనం ఊరుకోలేదు. ఏళ్ల తరబడి గొడవలు జరిగాయి, అయినా కొత్త ఊరే నిలిచింది. అదే ప్రాంతంలోని రగూసాలో ఇంకో రకం తగాదా. కొందరు కొండమీద కొత్త పట్టణం కట్టుకుంటే, మిగతావాళ్లు పాత చోటునే పట్టుకుని ఉండిపోయారు. ఆ రెండూ ఒకే ఊరుగా కలిసింది 1926లో!

ఈ కొత్త ఊళ్లు కూడా బరోక్ పద్ధతిలోనే లేచాయి. ఆ కట్టడాల్లో పనితనం చూడాలంటే నోటోలో నికొలాచీ ప్రభువుల భవనం ముందు తలెత్తి నిలబడాలి. బాల్కనీల కింద సింహాలు, గుర్రాలు, జలకన్యలు, గడ్డాల ముసలివాళ్లు బరువంతా తామే మోస్తున్నట్టు ముందుకు వంగి ఉంటారు. తేనెరంగు సున్నపురాయి మెత్తగా ఉంటుంది కాబట్టి ఉలి సులువుగా తిరుగుతుంది. గాలికీ వానకూ అంతే సులువుగా అరుగుతుంది కూడా.

ఇంత ఉన్నా పండితులు చాలాకాలం ఈ బరోక్‌ను లెక్కచేయలేదు. బరోక్ అంటే అతి, ఆర్భాటం అన్న చులకన భావం 18వ శతాబ్దం చివరినుంచే నాటుకుపోయింది. అంతకుముందటి రినైసాన్స్ (పునరుజ్జీవన కాలపు) శైలి మాట్లాడిన భాషనే బరోక్ మొరటు యాసలో మాట్లాడుతుందని స్విస్ చరిత్రకారుడు బుర్కార్ట్ 1855లో తేల్చేశాడు. ఆయన శిష్యుడు వోల్‌ఫ్లిన్ 1888లో దాన్ని విడి శైలిగా తీసుకుని పరిశీలించాకే చదువులు గాడిన పడ్డాయి. అప్పుడు కూడా చూపంతా రోమ్ మీదే. సిసిలీ బరోక్ మీద బ్రిటిష్ కళాచరిత్రకారుడు ఆంథొనీ బ్లంట్ ఇంగ్లిష్‌లో పుస్తకం తెచ్చింది 1968లో. ఐరోపా మండలి 1987లో మొదలుపెట్టిన సాంస్కృతిక మార్గాల కార్యక్రమంలో తర్వాత బరోక్‌కూ చోటు దొరికింది. మాల్టా విశ్వవిద్యాలయంలో బరోక్ అధ్యయనానికే ఒక సంస్థ వెలిసింది.

అయితే ఈ చదువులో ఎక్కువ భాగం కంటికి కనిపించే దాని గురించే సాగిందని నా అభిప్రాయం. ఏ ముఖద్వారం ఎవరు గీశారు, ఏ వంపు ఎక్కడినుంచి వచ్చింది అన్న చర్చలే తప్ప గోడ లోపల ఏముందో అడిగినవాళ్లు తక్కువ. నోటోలో ఆ జవాబు శిథిలాల్లో దొరికింది. స్తంభాలకు పైన చక్కగా చెక్కిన రాయి, లోపల నాసిరకం గారతో నింపిన ఏటి గుండ్రాళ్లు. దానికి తోడు 1950లలో పాత కప్పు తీసేసి కాంక్రీటు శ్లాబు వేశారు. మరమ్మతు పేరుతో బలహీనమైన స్తంభాల నెత్తిన అదనపు బరువు పెట్టారన్నమాట.

పునర్నిర్మాణానికి పదకొండేళ్లు పట్టింది. స్థానిక సున్నపురాయినే వాడి, స్తంభాలను ఈసారి లోపలా బయటా గట్టి రాతితో కట్టారు. ఈ మధ్యలో, 2002లో, నోటోతో కలిపి వాల్ ది నోటో అనే ఆగ్నేయ సిసిలీ ప్రాంతంలోని ఎనిమిది పట్టణాలను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటికి కెథడ్రల్ పని సగంలోనే ఉంది. 2007 జూన్‌లో తలుపులు తెరిచాక, గుమ్మటం లోపలి బొమ్మలు రష్యన్ చిత్రకారుడు ఒలెగ్ సూపరెకో చేత వేయించారు.

బరోక్ చర్చిలో ఇప్పటి చిత్రకారుడి బొమ్మలేమిటని ముఖం చిట్లించేవాళ్లు ఒకటి గమనించాలి. ఈ గుమ్మటం 1780లో ఒకసారి, 1848 భూకంపంలో మరోసారి పడింది. 1996లో కూలినది కూడా 19వ శతాబ్దంలో తిరిగి కట్టినదే.