ఫైబర్ బోటు తెల్లబారిందా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, సముద్రంలో చేపల వేట నిషేధం ఉండే ఆ 61 రోజులూ నాకు భోజనానికి కూడా తీరిక దొరకదు. బోట్లన్నీ ఒడ్డెక్కేది అప్పుడే. వచ్చినవాళ్లలో సగంమంది మొదటి మాట ఒకటే: "కొన్నప్పుడు నీలంగా నిగనిగలాడేది బాబూ, ఇప్పుడు బూడిద పూసినట్టుంది. ఏదైనా పూసి పాత కళ తెప్పించు."

ఆ "పూసి" దగ్గరే మాకు పేచీ. ముందు దుబాయ్‌లో ఒక మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో), ఇప్పుడు కాకినాడలో, తెల్లబారిన బోట్లకి మెరుపు తెచ్చే పని చేస్తున్నాను. ఫైబర్‌కి మెరుపు పూస్తే రాదు, అరగదీస్తే వస్తుంది. కింద రాసినవన్నీ ఎక్కడో ఒకచోట ఈ మాట దగ్గరికే వస్తాయి.

అపోహ: అది మురికి. గట్టిగా కడిగితే పోతుంది.

బోటు మీద కనిపించే రంగు చాలావరకు పెయింటు కాదు, జెల్‌కోట్. అంటే రంగు కలిపిన పాలిస్టర్ రెజిన్. బోటు తయారుచేసేటప్పుడు అచ్చులో ముందు దీన్నే వేస్తారు, గాజు నార దాని తర్వాత పడుతుంది. మందం సుమారు అర మిల్లీమీటరు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఈ రెజిన్‌ని పైనుంచి కొద్దికొద్దిగా విరగ్గొడతాయి. పట్టు తప్పిన రంగు పొడిగా లేస్తుంది. చెయ్యి పెట్టి రాస్తే అరచేతికి సుద్దలా అంటేది అదే. బయటి నుంచి వచ్చి పట్టిన మురికి కాదది, బోటు తోలే పొడైంది. సబ్బుతో వదులు పొడి పోతుంది కానీ కింద గరుకు అలాగే ఉంటుంది.

అపోహ: కొబ్బరినూనె, డీజిలు, లేకపోతే మంచి వ్యాక్స్ పట్టిస్తే రంగు తిరిగొస్తుంది.

ఒప్పుకుంటాను, వస్తుంది. కానీ ఎన్నాళ్లు?

చిన్నప్పటి పలక గుర్తు చేసుకోండి. తడిగుడ్డతో తుడిస్తే నల్లగా మెరిసేది, ఆరగానే తెల్లబారేది. పలక మారలేదు, గరుకులోని సందుల్లో నీళ్లు నిండి వెలుగు చెదరకుండా చేశాయి, అంతే. తెల్లబారిన బోటు మీద చెంబుడు నీళ్లు పోసి చూడండి, అదే జరుగుతుంది. నూనె, డీజిలు, వ్యాక్స్ చేసే పని కూడా ఇదే. నీళ్లయితే నిమిషాల్లో ఆరతాయి, వ్యాక్స్ ఇంకొన్ని వారాలు నిలుస్తుంది. నూనె మీద మాత్రం ఇసుక, దుమ్ము వచ్చి అతుక్కుంటాయి. రేపు పెయింటు వేయాలన్నా, జెల్‌కోట్ అతుకు వేయాలన్నా అది పట్టనివ్వదు. కారు డాష్‌బోర్డుకి కొట్టే సిలికాన్ స్ప్రే ఇంకా మొండిది. దాని మీద వేసిన పెయింటు చేపకళ్లలా గుంటలు గుంటలుగా విడిపోతుంది.

నీళ్ల పరీక్షతో ఇంకో ఉపయోగం ఉంది. తడిపినప్పుడు అసలు రంగు కనిపించిందంటే కింద మంచి జెల్‌కోట్ మిగిలి ఉన్నట్టే, ధైర్యంగా పనిలో దిగొచ్చు. తడిపినా మచ్చలు మచ్చలుగా, నార గళ్లు కనిపిస్తుంటే ఆ పొర అయిపోయింది. ఆ బోటుకి నా దగ్గర బఫింగ్ (మిషన్‌తో రుద్ది మెరిపించడం) లేదు, పెయింటే.

అపోహ: బాత్రూం యాసిడ్ కొడితే నిమిషంలో కొత్తదవుతుంది.

వద్దు. నీటిగీత దగ్గరి పసుపు చార, తుప్పు మరకలు పోవడానికి ఆక్సాలిక్ యాసిడ్ వాడతాం, గ్లౌజులు వేసుకుని, వెంటనే బోలెడు నీళ్లతో కడిగేస్తాం. అది మరకకి మందు, తెల్లబారడానికి కాదు. బాత్రూంలో వాడే హైడ్రోక్లోరిక్ యాసిడ్ అయితే స్టీలు బోల్టుల్ని గుంటలు పడేలా తింటుంది.

అపోహ: మిషన్ ఎంత స్పీడుగా తిరిగితే మెరుపు అంత తొందరగా వస్తుంది.

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే బోట్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే.

వెల్డింగ్ షాపుల్లో ఉండే నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికే ఊలు ప్యాడు తగిలించి బోటు మీద పెట్టేవాళ్లని చూశాను. ఇనుముకి వేడి తగిలితే పక్కకి పాకుతుంది. రెజిన్ అలా కాదు, తగిలినచోటే వేడి నిలిచి మాడుతుంది. బఫింగ్ మిషన్‌ని నేను 1,200 నుంచి 1,800 మధ్య తిప్పుతాను. రెండడుగుల చదరం తీసుకుని, కాంపౌండ్ (అరగదీసే పేస్టు) ఆరిపోకముందే ఆ చదరం ముగించి పక్కకి జరుగుతాను.

అంచులు ఇంకా ప్రమాదం. బోటు ముక్కు గీత, మూలల్లో జెల్‌కోట్ పలచగా ఉంటుంది, ప్యాడు బరువంతా మాత్రం అక్కడే పడుతుంది. కొత్తలో ఒక నీలం స్పీడు బోటు ముక్కు మీద క్షణం ఎక్కువ ఆపాను. అరచేయంత మేర నార బయటపడింది. కొత్త జెల్‌కోట్ కలిపి అతుకు వేశాం, కానీ ఎండకి పాతబడిన నీలానికి డబ్బాలో కలిపిన నీలం ఎంత ప్రయత్నించినా కలవలేదు. ఆ బోటు యజమాని ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటి నుంచి అంచులన్నిటికీ మాస్కింగ్ టేపు వేసి, చివర్లో టేపు తీసి చేత్తోనే రుద్దుతాను. రిజిస్ట్రేషన్ నంబరు మీద కూడా టేపు వేయడం మరవకండి, పెయింటుతో రాసిన అక్షరాల్ని కాంపౌండ్ తినేస్తుంది.

అపోహ: వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పెట్టకుండా పని కాదు.

దీనికి ఉల్టా మాట కూడా వింటుంటాను: "పేపర్ పెడితే బోటు పోయినట్టే." రెండూ నిజం కావు. ముందు వ్యాక్స్, గ్రీజు పూర్తిగా తుడిచేసి, ఎవరికీ కనిపించని చోట ఒక అడుగు మేర కాంపౌండ్ ఒక్కటే పెట్టి చూస్తాను. మెరిసిందా, బోటంతా దానితోనే. లేకపోతేనే 1000 నంబరు వాటర్ పేపర్, తర్వాత 1500, 2000. నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు. బాగా చచ్చిన బోటుకే 800తో మొదలుపెడతాను. ప్రతి నంబరుకీ ముందు పెన్సిలుతో అడ్డదిడ్డంగా గీతలు గీస్తాను. అవి పోయేదాకా రుద్దితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాదు. కారే నీళ్ల మీద కన్నుంచాలి. నీలం బోటుకి నీలం నీళ్లు రావాలి. ఆ రంగు మారిందంటే చెయ్యి తీసేయాల్సిందే.

పేపర్ అయ్యాక ఊలు ప్యాడుతో కాంపౌండ్, ఫోమ్ ప్యాడుతో పాలిష్, ఆఖర్న వ్యాక్స్. మాస్కు లేకుండా, నీళ్లు పెట్టకుండా పేపర్ రుద్దడం మాత్రం ఎవరి బోటుకీ చేయను.

అపోహ: రంగు పోయిందంటే బోటు బలం పోయినట్టే.

కాదు. బలమంతా లోపలి గాజు నార, రెజిన్ పొరల్లో ఉంటుంది. సుద్ద పైపైనే. సాలెగూడులా పగుళ్లు కనిపిస్తే వేరే సంగతి, అక్కడ దెబ్బో ఒత్తిడో తగిలి ఉంటుంది, ముందు అది చూపించుకోండి.

అపోహ: ఒకసారి సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇక చూడక్కర్లేదు.

కింద ఏముంటే దాన్నే అది మూసి పెడుతుంది. సుద్ద మీద వేస్తే సుద్దనే కాపాడుతుంది. ఎనామిల్ పెయింటుదీ ఇదే కథ, పొడి మీద వేసిన పెయింటు పొడితోపాటే పెచ్చులుగా లేస్తుంది.

పనిలో పని, కాళ్లు పెట్టే డెక్కు మీద వ్యాక్స్ వద్దు. తడి కాళ్లతో వల లాగేవాడు జారితే సముద్రంలోనే.

"ఎన్నిసార్లైనా ఇలా చేయించొచ్చు కదా?"

అర మిల్లీమీటరులోంచి ప్రతిసారీ కొంత తీస్తున్నాం. అందుకే పేపర్ పని మళ్లీ మళ్లీ వద్దంటాను. మన ఎండకి వ్యాక్స్ మూడు నాలుగు నెలలు నిలిస్తే గొప్ప. అది తగ్గగానే మళ్లీ పెట్టుకుంటే కాంపౌండ్ దాకా రాదు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఆపేస్తాను. ఆ తర్వాత బోటు మీద చెయ్యే ఆనదు, కాంపౌండ్ పెట్టగానే ఎండి గట్టిపడుతుంది.

ఇక నీడ. మా దగ్గరికొచ్చే ఒక పెద్దాయన ఒడ్డెక్కిన వెంటనే బోటు మీద కొబ్బరాకు తడికలు కప్పుతాడు. ప్లాస్టిక్ పట్టా అయితే లోపల చెమ్మ పట్టి మచ్చలు వస్తాయని ఆయన లెక్క, అది నిజమే. ఐదేళ్లుగా ఆయన బోటుకి నేను వ్యాక్స్ తప్ప ఏమీ పెట్టలేదు.